కట్ట విప్పితే గానీ తీసివేత రాలేదు

మా రెండో తరగతి పిల్లలు 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసేవారు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కదా, అందుకని తిరగేసి 7లోంచి 2 తీసేవారు. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా అంతే. చివరికి పదేసి పుల్లల్ని రబ్బరు బ్యాండుతో కట్టి, ఇద్దరిద్దరికి ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చాను. ఏడు తీయాలంటే కట్ట విప్పక తప్పదు. "టీచర్, ఇప్పుడు పన్నెండున్నాయి!" అని వాళ్లే అరిచారు. గోల ఎక్కువే, భరించాలి. నోటుబుక్కులోకి మాత్రం వెంటనే వెళ్లలేదు. విప్పిన ప్రతిసారీ కట్టల బొమ్మ గీయించాను.

తర్వాత చదవడాన్నీ ఇందులోకే తెచ్చాను. లెక్కని చిన్న కథలా రాసి, చివరి ప్రశ్న దాచి, ఏం అడుగుతారో ఊహించమన్నాను. అంకెలు కనబడగానే కూడేయడం చాలావరకు తగ్గింది.