పరస్పర అంగీకార విడాకుల పిటిషన్‌కు ముందు జాగ్రత్తలు

వేసవి సెలవులు ముగిశాక హైదరాబాద్ పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయాలనుకునే హిందూ దంపతులు సంతకాలకు ముందే ఇవి చూసుకోవాలి.

• పెద్దల సమక్షంలో స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకుల కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకోవద్దు. సంఘాచారం రుజువైన కొద్ది సందర్భాల్లో తప్ప, కోర్టు డిక్రీ లేనిదే వివాహం రద్దు కాదు. ఆ రెండో పెళ్లి చెల్లకపోవడమే కాక, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

• పిల్లల సంగతి ఒక్క వాక్యంతో ముగించవద్దు. 5 ఏళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్ద ఉండాలని 1956 నాటి చట్టం చెబుతున్నా, చివరకు కోర్టు చూసేది బిడ్డ క్షేమాన్నే. స్కూలు ఫీజు, వైద్యం ఖర్చు, దసరా, సంక్రాంతి సెలవుల్లో ఎవరి వద్ద ఉండాలన్నది స్పష్టంగా రాయించండి. తల్లి తన భరణం వదులుకున్నా, బిడ్డ పోషణ హక్కు పోదు. ఈ భాగానికి ఎంత సమయం వెచ్చించినా తక్కువే.

• డిక్రీ వచ్చేలోగా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు కనుక, డబ్బు, నగల అప్పగింతను రెండో విడత వాంగ్మూలంతో (పిటిషన్ వేశాక కొంతకాలానికి ఇద్దరూ మళ్లీ కోర్టులో అంగీకారం తెలిపేది) ముడిపెట్టండి.

• విడిగా ఉంటూ ఏడాది నిండాలి; లేకుంటే పిటిషన్ నిలవదు.

• పిటిషన్‌కూ రెండో విడతకూ మధ్య ఉండే 6 నెలల నిరీక్షణను కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పినా, అది న్యాయమూర్తి విచక్షణే కాబట్టి ముందుగా ముహూర్తాలు పెట్టుకోవద్దు.