సన్నగీతలు మాయమవుతుంటే

స్క్రీన్ ప్రింటింగ్ కోసం చేత్తో గీసిన ఆకుల ఈనెలు, అచ్చు వేసే స్క్రీన్ మీదికి వచ్చేసరికి సగం మాయం. మొదట మెష్‌ని (స్క్రీన్ చట్రానికి బిగించే జాలీ గుడ్డని) అనుమానించి, సెంటీమీటరుకు 43 పోగులది తీసేసి 90 పోగులది బిగించాను. అంచులు నునుపయ్యాయి గానీ ఈనెలు రాలేదు. ఫిల్మ్‌ని, అంటే నేను బొమ్మ గీసిన పారదర్శక షీటుని, వెలుగుకు పట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది: నా పెన్ను గీత నల్లగా ఉందే తప్ప వెలుతురును ఆపడం లేదు. ఎమల్షన్ అంటే మెష్ మీద పూసే, వెలుగు తగిలితే గట్టిపడే పూత. గీత కింద అది మెత్తగా ఉండి కడిగితే పోవాలి; నాకేమో అక్కడ కూడా గట్టిపడి, కడిగినా పోవడం లేదు.

వెలుగు చొరని చిక్కటి ఇంకుతో మళ్లీ గీశాను (రెండు సాయంత్రాలు, మెడ పట్టేసింది). ఇంకు వైపు ఎమల్షన్‌కు ఆనించి, పైన బరువైన గాజుపలక పెట్టాను. సందుంటే వెలుగు పక్కనుంచి దూరుతుంది. కప్పిన అట్టముక్కను కొంచెం కొంచెం జరుపుతూ, ఒక్కో పట్టీకి 2, 4, 6, 8 నిమిషాలు వెలుగు తగలనిచ్చి పరీక్షిస్తే నా లైటుకు 4 చాలు. అన్నాళ్లూ 10 ఇచ్చాను! ఈనెలన్నీ వచ్చాయి, చెయ్యి వణికిన చోటుతో సహా. దాన్ని దిద్దలేదు.