తక్కువ ధర ల్యాప్‌టాప్: ఏ లోపంతో సర్దుకోవచ్చు, దేన్ని వద్దనాలి

ధర తగ్గాలంటే తయారీదారు ఎక్కడో ఒకచోట కోత పెట్టాల్సిందే. ఆ కోత ఎక్కడ పడిందో పట్టుకోవడమే కొనేవాళ్ల పని. స్పెసిఫికేషన్లు ముందు పెట్టుకుని, కనిపించిన ప్రతి లోపాన్నీ ఒకే ప్రశ్నతో తూచండి: దీన్ని తర్వాత స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోగలమా? సరిచేసుకోగలిగితే అది పెద్ద లోపం కాదు. కుదరదంటే మాత్రం ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ దాన్ని భరించాలి.

ముందు ర్యామ్ చూడండి, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమరీ. 8 జీబీ అన్న అంకె ఒక్కటే చాలదు. దాన్ని మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) సోల్డర్ చేసేసి, అంటే ఊడదీయలేకుండా అతికించేసి, ఖాళీ స్లాట్ కూడా లేకపోతే కొన్నరోజు ఉన్నదే చివరిదాకా. పైగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఇందులోంచే వాటా తీసుకుంటుంది కాబట్టి విండోస్‌కి మిగిలేది 8 కన్నా తక్కువే. పాతిక ట్యాబులు తెరిచి వీడియో కాల్ కూడా పెడితే, చాలని ర్యామ్‌కు బదులు డిస్క్‌ని వాడుకుంటూ మెషిన్ నత్తనడక నడుస్తుంది.

డెమో పీస్ చేతికి దొరికితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ తెరిచి కింద చూడండి. ‘ఫామ్ ఫ్యాక్టర్’ ఎదురుగా ‘సోడిమ్’ అని ఉంటే ఊడదీసి మార్చుకోవచ్చు, ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే సోల్డర్ చేసిందన్నమాట. ‘స్లాట్స్ యూజ్డ్’ దగ్గర రెండిట్లో ఒకటే వాడినట్టు కనిపిస్తే మంచిదే. అయితే ఈ లెక్క ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో కూడా సరిచూసుకోండి. రెండో ర్యామ్ స్టిక్ వేస్తే డ్యుయల్ చానెల్ అయి, అంటే ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య రెండు దారులు ఏర్పడి, గ్రాఫిక్స్ వేగం కూడా బాగా పెరుగుతుంది. ఇంటెల్ ఎన్100 లాంటి చిప్‌లకు మాత్రం ఆ లాభం లేదు, వాటిది సింగిల్ చానెలే.

ప్రాసెసర్ పేరుతో జాగ్రత్త. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. మూడో అంకె చూడండి. 2 ఉన్నదాంట్లో ఉన్నది జెన్ 2, అంటే 2019లో మొదలైన డిజైన్, 4 కోర్లు (లెక్కలు చేసే విభాగాలు). 3 ఉన్నది జెన్ 3, 6 కోర్లు. ఇంకో తేడా దీనికన్నా ముఖ్యం: 7520యూ ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్‌తోనే పనిచేస్తుంది, అది బోర్డుకే సోల్డర్ అయి వస్తుంది. కాబట్టి 8 జీబీ 7520యూ మెషిన్ కొంటే ర్యామ్ పెంచుకునే దారి మూసుకుపోయినట్టే.

స్టోరేజ్ విషయంలో ఎం.2 స్లాట్‌లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే బెంగ అక్కర్లేదు, తర్వాత పెద్దది వేసుకోవచ్చు. 64 జీబీ ఈఎంఎంసీ (బోర్డుకే అతికించిన చౌక స్టోరేజ్ చిప్) మాత్రం వద్దే వద్దు. విండోస్ 11 కనీసంగా అడిగేదే 64 జీబీ. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు చోటు చాలక ఆగిపోవచ్చు, ఆ చిప్‌ని మార్చడమూ కుదరదు.

తెర దగ్గర 250 నిట్స్ (వెలుగు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర చూపగల రంగుల కొలత) అని ఉంటే గదిలో టైపింగ్‌కి, చదువుకి ఇబ్బంది లేదు. కిటికీ ఎదురుగా కూర్చుంటే వెలుగు చాలదు. ఫొటోల పనికైతే అసలు పనికిరాదు, ఎరుపులు వెలిసిపోయినట్టుంటాయి. ప్యానెల్ రకం రాయకపోతే చీకటిగా ఉన్న ఫొటో తెర నిండా పెట్టి మూతను మెల్లగా వెనక్కి వంచండి. నలుపు తెల్లబారి రంగులు తారుమారైతే అది టీఎన్ అనే చౌక రకం. ఐపీఎస్ అనే మెరుగైన రకం అయితే రంగులు పెద్దగా మారవు.

స్పెసిఫికేషన్లలో ఎక్కడా కనిపించనిది, చౌక మెషిన్లను ఎక్కువగా దెబ్బతీసేది హింజ్, అంటే మూత తిరిగే కీలు. దాని స్క్రూలు ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లలోకి బిగిసి ఉంటాయి. హింజ్ బిగుతుగా ఉంటే మూత తెరిచిన ప్రతిసారీ ఆ నట్ల మీద లాగుడు పడి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్రమంగా పగులుతుంది. ఆఖరికి మూల విచ్చుకుంటుంది. మూతను నెమ్మదిగా తెరుస్తూ హింజ్ పక్కన అంచును గమనించండి. సన్నని సందు విచ్చుకున్నా, కిర్రుమన్నా ఆ మోడల్ వదిలేయండి. కొన్నాక కూడా మూత మధ్యలో పట్టుకునే తెరవాలి, మూల పట్టుకుని కాదు.

బ్యాటరీకి గంటల ప్రకటన కాదు, వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే విద్యుత్ కొలత) చూడండి. 42 వాట్ అవర్ల బ్యాటరీతో మెషిన్ సగటున 7 వాట్లు తాగితే 6 గంటలు. స్క్రూలతో బిగించిన బ్యాటరీ అయితే అరిగాక మార్చుకోవచ్చు. 720పీ కెమెరా, పలచటి స్పీకర్లు, వెలుగు లేని కీబోర్డు సర్దుకోదగ్గవే. టైప్ సీ పోర్టు చార్జింగ్‌కీ పనికొస్తుందా, డేటాకేనా అన్నది మాత్రం అడిగి తెలుసుకోండి.

కొన్నాక, వాపసు గడువు దాటకముందే, వీడియో కాల్‌తో పాటు మీ రోజువారీ ప్రోగ్రాములన్నీ తెరిచి 20 నిమిషాలు నడపండి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) స్పీడ్ మొదట ఎంతుందో, చివర్లో ఎంతుందో రాసుకోండి. కాసేపటికి కొంత తగ్గడం మామూలే. బేస్ స్పీడ్ (అక్కడే కనిపించే ప్రాసెసర్ మూల వేగం) కన్నా కిందికి పడిపోయి అక్కడే ఉండిపోతే, కిందున్న గాలి రంధ్రాలు మూసుకోలేదని చూసుకుని, చార్జర్ పెట్టి మరోసారి నడపండి. అప్పటికీ అంతే అయితే తిరిగిచ్చేయండి.