ఎండాకాలంలో చదునుగా ఉండి శ్రావణంలో అలలు తేలే ఆల్బమ్ పేజీలు: కారణం, పరిష్కారం

మే నెల సెలవుల్లో కూర్చుని, ఇంట్లోని పాత ఫోటోలూ శుభలేఖలూ ఉత్తరాలూ ఒక్కచోట చేర్చి, ఎంతో ఓపికగా అతికించి తయారుచేసుకున్న కుటుంబ ఆల్బమ్ శ్రావణ మాసం వచ్చేసరికి మూతపడకుండా విచ్చుకుపోవడం, దాని పేజీలు అలలు అలలుగా లేవడం మన డెల్టాలో చాలామందికి ఎదురయ్యే సమస్య. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు నుంచి ఇలాంటి ఆల్బమ్‌లు బాగుచేయమని నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. తెచ్చినవారు జిగురు మంచిది కాదంటారు, లేదా గోదావరి గాలిలో తేమ ఎక్కువంటారు. తెచ్చేముందు చాలామంది దాన్ని వారం రోజులు బియ్యం బస్తా కింద అదిమి ఉంచుతారు. కొందరు ఇస్త్రీ పెట్టె కూడా పెడతారు. అరనిమిషం పట్టే పరీక్ష మాత్రం చేయరు. పేజీ ఎటు వంగిందో చూడడమే ఆ పరీక్ష. అది చూడకుండా చేసిన ఏ మరమ్మతూ వచ్చే వానాకాలం దాకా నిలవదు.

పేజీ ఎటు వంగింది?

ఆల్బమ్‌ను బల్ల మీద తెరిచిపెట్టి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పి చూడండి. పేజీ మధ్యభాగం చదునుగానే ఉండి, బయటి మూడు అంచులు మాత్రం పరికిణీ కుచ్చిళ్లలా లేచి ఉంటే అది తేమ. పేజీ మొత్తం ఇంటికప్పు మీది పెంకులా ఒకేవైపుకు వంగి ఉంటే అది జిగురు. అలలు బైండింగ్ దగ్గర పుట్టి, అక్కడి నుంచి దుక్కి చాళ్లలా బయటి అంచువైపు సాగుతుంటే కారణం ఆ రెండూ కావు. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

అంచులు మాత్రమే లేచి ఉంటే

కాగితం గాలిలోని తేమను ముందుగా అంచుల నుంచి పీల్చుకుంటుంది. అంచులు సాగి, మధ్యభాగం సాగకపోవడంతో కుచ్చిళ్లు వస్తాయి. బీరువా ఇంటి బయటి గోడకు ఆనుకుని ఉందేమో, ఆల్బమ్ కింది అరలో ఉందేమో చూడండి. బీరువాను గోడకు జానెడు దూరం జరపడం, ఆల్బమ్‌ను పై అరలోకి మార్చడం, వాన లేని రోజున పేజీలు విప్పి నీడపట్టున ఫ్యాను గాలికి ఆరనివ్వడం సరిపోతుంది. సిలికా జెల్ సంచులు గాలి చొరబడని డబ్బాలో మాత్రమే పనిచేస్తాయి. తలుపు సందులున్న బీరువాలో వేసిన సంచి కొద్దిరోజుల్లోనే తేమతో నిండిపోయి ఊరికే పడి ఉంటుంది.

పేజీ పెంకులా వంగితే

తెల్ల ఫెవికాల్ అయినా, ఇంట్లో ఉడికించిన మైదా లై అయినా, నీరు కలిసిన ఏ జిగురైనా రాసినప్పుడు కాగితాన్ని సాగదీస్తుంది, ఆరుతున్నప్పుడు ముడుచుకుంటూ అట్టను తనవైపు లాక్కుంటుంది. దాన్ని నిలవరించేది వెనకవైపు ఏమీ లేకపోతే పేజీ వంగక తప్పదు. అదే కాగితాన్ని అదే జిగురుతో వెనకవైపు కూడా అతికించి, రెండువైపులా శుభ్రమైన తెల్ల కాగితాలు వేసి, బరువు కింద పూర్తిగా ఆరనిస్తే లాగుడు రెండువైపులా సమానమై పేజీ నిలబడుతుంది.

అయితే ఫోటోకు జిగురు రాయకపోవడమే అసలైన పరిష్కారం. 1970ల నుంచి వాడుకలోకి వచ్చిన రంగుల ఫోటోల కాగితానికి రెండువైపులా పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని గుండా నీరు పోదు కనుక జిగురులోని తడి అంతా పేజీలోకే దిగుతుంది. ఇస్త్రీ పెట్టె పెట్టవద్దని నేను ఇంత పట్టుగా చెప్పేది కూడా ఆ పొర గురించే. వేడికి అది కరిగి బొబ్బలెక్కితే ఎవరూ బాగుచేయలేరు. పూర్వం నల్ల పేజీల ఆల్బమ్‌లలో వాడినట్టు, ఫోటో నాలుగు మూలలనూ పట్టి ఉంచే కాగితపు కార్నర్లు అతికించి, వాటిలో ఫోటోను దూర్చండి. పేజీ ఏమైనా ఫోటో భద్రంగా బయటికి వస్తుంది.

అలలు బైండింగ్ దగ్గర పుడితే

ఇది కంటికి కనబడని కారణం. బైండర్లు దీన్ని గ్రెయిన్ అంటారు. నేను కాగితపు నార వాటం అంటాను. మిల్లులో కాగితం పొడవాటి చాపలా యంత్రం మీద పరుగెత్తుతూ తయారవుతుంది. నీళ్లలో తేలే గుజ్జులోని సన్నని నారపోగుల్లో ఎక్కువభాగం ఆ పరుగు దిక్కుకే తిరిగి సర్దుకుంటాయి. తేమ తగిలినప్పుడు ప్రతి నారపోగూ లావెక్కుతుంది గాని పొడుగెక్కదు. వానాకాలంలో మన ఇళ్లలో కర్ర తలుపులు వెడల్పులో ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుపోతాయి గాని ఎత్తు పెరగవు, కాగితానిదీ అదే స్వభావం. నార ఉన్న దిక్కులో అది దాదాపు పెరగదు, దానికి అడ్డంగా మాత్రం అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నార వాటం బైండింగ్‌కు సమాంతరంగా ఉంటే, పేజీ పెరిగినా బయటి అంచువైపు పెరుగుతుంది. అటు అడ్డేమీ లేదు కనుక మనకు తెలియనే తెలియదు. నార బైండింగ్‌కు అడ్డంగా ఉంటే, పేజీ బైండింగ్ పొడవునా పెరగాలని చూస్తుంది, అక్కడేమో కుట్టూ జిగురూ దాన్ని కదలనివ్వవు. పెరిగిన కాగితానికి పోయే చోటు లేక పైకి లేస్తుంది. మీరు చూస్తున్న అలలు అవే. మే నెల పొడిగాలిలో అంతా చదునుగానే కనిపిస్తుంది కనుక, కుట్టిన రోజున ఈ తప్పు బయటపడదు. ఆషాఢ శ్రావణాల్లో గాలిలో తేమ 80 శాతం దాటే ఉదయాలు మొదలయ్యాకే అది పైకి వస్తుంది.

ఈ తప్పు నేనూ చేశాను. మా మేనమామ గారి షష్టిపూర్తికి ఒక ఆల్బమ్ తయారుచేశాను. 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉన్న దళసరి చార్టుల నుంచి ఒక్కోదానికి నాలుగు చొప్పున 10 అంగుళాల చతురస్రాలు కోశాను. నిలువు పేజీ అయితే ఏది పొడవో ఏది వెడల్పో తెలుస్తుంది. చతురస్రాన్ని ఎటు తిప్పినా ఒకేలా కనిపిస్తుంది గాని లోపలి నార మాత్రం ఒక్క దిక్కుకే ఉంటుంది. కోసిన ముక్కలన్నీ ఒక కట్టగా పేర్చి, అంచులు తట్టి సరిచేస్తూ అటూ ఇటూ తిప్పాను. ఎటుది ఎటో కలిసిపోయింది. శ్రావణంలో మా అత్తయ్య ఆల్బమ్ తెచ్చి చూపినప్పుడు కొన్ని పేజీలు గాజుపలకలా ఉన్నాయి, వాటి పక్కవే అలలు తేలి ఉన్నాయి. జిగురు ఒకటే, కాగితం ఒకటే, బీరువా కూడా ఒకటే. అయినా ఒక పేజీ బాగుండి పక్క పేజీ చెడిందంటే కారణం పేజీలోనే ఉండాలని అప్పుడు తట్టింది. ఒక అల మీద తాతయ్య గారి నలుపు తెలుపు ఫోటో ఉంది, అంచులు పువ్వురేకుల్లా కత్తిరించిన పాత స్టూడియో ఫోటో. దాన్ని నేను జిగురుతోనే అంటించాను. అల పైకి లేచిన చోట, ఆయన భుజం దగ్గర, ఫోటో పైపొర వెంట్రుకవాసి మందాన పగిలి, కింద తెల్ల కాగితం కనబడుతోంది. ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది.

వాటం తెలుసుకోవడం కష్టం కాదు. పెద్ద చార్టును మడత పడకుండా చేత్తో మెల్లగా ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా వంచి, పైనుంచి అరచేత్తో నొక్కి చూడండి. ఎటు వంచినప్పుడు తక్కువ ఎదురుతన్నిందో ఆ వంపు గీతే నార దిక్కు. చేతికి తేడా తెలియకపోతే అదే కాగితం చివర నుంచి రెండు అంగుళాల ముక్క కోసి, పెద్ద కాగితం పొడవు ఎటో ముక్క మీద పెన్సిల్ గీత పెట్టి, ఒకవైపు మాత్రం తడి వేలితో రాయండి. ముక్క గొట్టంలా చుట్టుకోవడం మొదలుపెడుతుంది, ఆ గొట్టం పొడవు ఏ దిక్కున ఉందో నార ఆ దిక్కునే ఉంది. దళసరి అట్టకు ఈ తడి పరీక్ష పనిచేయదు. అంగుళం వెడల్పున రెండు పట్టీలు, ఒకటి నిలువునా ఒకటి అడ్డంగా కోసి, రెండింటినీ ఒక కొన దగ్గర పట్టుకుని చూడండి. నిటారుగా నిలిచిన పట్టీలో నార పొడవునా ఉంది, వాలిపోయిన పట్టీలో అడ్డంగా ఉంది.

తెలిసిన వెంటనే, కత్తెర పట్టకముందే, కాగితం వెనకవైపు పెన్సిల్‌తో బాణం గుర్తులు వేయండి. మీరు కోయబోయే ప్రతి ముక్క మీదా ఒక బాణం పడాలి. కుట్టేటప్పుడు బాణాలన్నీ బైండింగ్ వెంట పైకో కిందికో చూడాలి, అడ్డంగా ఒక్కటీ ఉండకూడదు. పై అట్టలకూ, వాటికి లోపల అతికించే కాగితానికీ ఇదే నియమం. పెళ్లి ఆల్బమ్‌లలా అడ్డంగా తెరుచుకునేది చేసేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే 28 అంగుళాల దిక్కున నార ఉన్న చార్టును నాలుగు ముక్కలు చేస్తే 14 అంగుళాల అంచు వెంట నార వస్తుంది, మీరు కుట్టేది 11 అంగుళాల అంచును. అలాంటప్పుడు నార 22 అంగుళాల దిక్కున ఉన్న చార్టునే వెతికి తెచ్చుకోవాలి. చేతితో తయారుచేసిన కాగితంలో నారపోగులు అన్ని దిక్కులకూ చెదిరి ఉంటాయి కనుక దానితో ఈ బాధ దాదాపు ఉండదు. ఖరీదు ఎక్కువైనా చతురస్రపు ఆల్బమ్‌లకు ఇప్పుడు నేను అదే వాడుతున్నాను.

ఇప్పటికే కుట్టేసిన ఆల్బమ్‌లో అడ్డనార పేజీ ఉంటే దాన్ని నొక్కి సరిచేయలేరు. బియ్యం బస్తా తీసిన వారానికి అల మళ్లీ లేస్తుంది. చాలామంది దాని వెనక ఇంకో చార్టును, నార ఎటు ఉందో చూడకుండా, బలం కోసం అతికిస్తారు. రెండు నారలూ ఒకదానికొకటి అడ్డంగా పడితే పేజీ కాల్చిన అప్పడంలా మెలితిరుగుతుంది. బైండింగ్ పక్కన అంగుళం వెడల్పు పట్టీ మిగిలేలా ఆ పేజీని స్కేలు పెట్టి కోసేయండి. సరైన వాటంలో కోసిన కొత్త పేజీని, మల్లు గుడ్డ పట్టీతో ఆ మిగిలిన అంగుళానికి అతికించండి. ఫోటోలు కార్నర్లలో ఉంటే కొత్త పేజీలోకి ఒక గంటలో మారిపోతాయి. జిగురుతో అంటించి ఉంటే పీకవద్దు; ఫోటో చుట్టూ పేజీని కత్తిరించి, వెనకనున్న కాగితంతో సహా కొత్త కార్నర్లలో పెట్టండి.

మిగిలినవి

నరసాపురం లేసు ముక్కలు, చీర అంచులు, ఎండిన పూలు పెట్టినందువల్ల ఆల్బమ్ విచ్చుకుంటే బైండింగ్ దగ్గర పేజీకి పేజీకి మధ్య అంత మందం అట్ట పట్టీలు వేసి కుట్టించాలి. శుభలేఖ మూలల పసుపు ఎదుటి పేజీలోని ఫోటోకు అంటుతుంది, కాబట్టి మధ్యలో ఒక పలుచని తెల్ల కాగితం ఉంచండి. ప్రింటర్ సిరా వల్ల వంగిన పేజీలు నేను చూసింది అరుదు. ప్రింటును ఒక రోజు ఆరబెట్టి అతికిస్తే చాలు. పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం కలిపే పాత అలవాటు ఉంది గాని రాగి కాగితాన్నే తినేస్తుంది, ఫోటోలున్న పేజీలకు అది వద్దు. 1996 నవంబరు తుపానులో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయిన ఫోటోలను ఇప్పటికీ కొందరు తెస్తుంటారు. అది పూర్తిగా వేరే పని, వాటిని ఇంట్లో విడదీయబోకండి. కట్టను ఉన్నది ఉన్నట్టుగానే పొడి కాగితంలో చుట్టి తీసుకురండి.