లేపాక్షిలో మూడు రోజులు, ఒకే ఒక్క నంది: బొమ్మలెయ్యడం మొదలుపెట్టే వాళ్ళకి

ఆ మధ్య ఒక రిసార్ట్‌లో రెండు రోజుల పెయింటింగ్ వర్క్‌షాప్ అంటే డబ్బులు కట్టి వెళ్ళా. అక్కడ ముందే పెన్సిల్‌తో గీసిపెట్టిన కాన్వాస్ చేతికిచ్చి ఇక్కడ నీలం పుయ్యండి ఇక్కడ పచ్చ పుయ్యండి అని వేయించారు, బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా, తీరా సోమవారం తెల్లకాగితం ముందు కూచుంటే టీ కప్పు కూడా గీయలేకపోయా. ఆ తర్వాత సొంతంగా లేపాక్షి వెళ్ళి మూడు రోజులు ఒకే నంది ముందు కూచుని నేర్చుకున్నదే ఇప్పటికీ పనికొస్తోంది, అందుకే అదెలాగో చెప్తా.

లేపాక్షే ఎందుకంటే, హిందూపురం దాకా రైలుంది, అక్కణ్ణుంచి 15 కిలోమీటర్లు, బస్సులుంటాయి, బెంగళూరు నుంచైతే ఓ 120 కిలోమీటర్లు. అన్నిటికన్నా ముఖ్యం, ఊరి మొదట్లోనే ఏకశిల నంది ఉంది, అంత ఓపిగ్గా కదలకుండా కూచునే మోడల్ ఇంకెక్కడా దొరకదు మీకు. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి, ఎండాకాలంలో అక్కడి రాతి నేల మీద కూచోలేరు. వెళ్ళిన సాయంత్రమే గుడంతా చూసెయ్యండి, వేలాడే స్తంభం కింద టవల్ దూర్చడం, ఏడు పడగల నాగలింగం దగ్గర ఫొటో దిగడం అన్నీ అప్పుడే అయిపోవాలి, లేకపోతే మూడు రోజులూ మనసు దాని మీదే ఉంటుంది.

సామాను గురించి పెద్దగా ఆలోచించకండి. హెచ్‌బి, 2బి, 6బి పెన్సిళ్ళు (బి నంబర్ పెరిగేకొద్దీ మెత్తగా, నల్లగా గీస్తాయి), రబ్బరు, ఎ4 సైజు స్కెచ్‌బుక్, రంగుల కోసం మందపాటి 300 జిఎస్‌ఎమ్ వాటర్‌కలర్ పేపర్ ఓ అయిదారు షీట్లు, 8వ నంబర్ రౌండ్ బ్రష్ ఒకటి. రంగులు మూడే: ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), అల్ట్రామెరీన్ (ముదురు నీలం). 24 రంగుల డబ్బా కొంటే ఏ రంగు ఎక్కడ వెయ్యాలో తేల్చుకోడానికే పొద్దుగూకుతుంది. ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) వద్దు, ఒళ్ళో అట్ట పెట్టుకుంటే చాలు.

మొదటి రోజు గీత. ఇక్కడే అందరం దెబ్బతింటాం, ఎందుకంటే నంది అనగానే మన బుర్రలో ఒక నంది రెడీగా ఉంటుంది, చెయ్యి దాన్నే గీసేస్తుంది. నేను మొదటిసారి కళ్ళ దగ్గర మొదలుపెట్టి గంటల దండలో ఒక్కో గంటా శ్రద్ధగా గీసుకుంటూ పోతే వెనక భాగానికి కాగితంలో చోటే మిగల్లేదు. వెనక నిలబడి చూస్తున్న పిల్లోడు "ఏంన్నా, ఎనుమా ఇది?" అన్నాడు. ఎనుము అంటే గేదె, నిజంగా అలాగే ఉంది.

కాబట్టి ముందు కొలవాలి. చెయ్యి మోచేతి దగ్గర వంగకుండా ముందుకి చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని దాని కొనని నంది తల పైఅంచుకి పెట్టండి, బొటనవేలిని కిందికి జరుపుతూ నేల దగ్గర ఆపండి, అది ఎత్తు. అదే కొలతని అడ్డంగా తిప్పి పొడుగులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. నంది దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడుగు అంటారు, అంటే సరిగ్గా పక్కనుంచి చూస్తే రెండు సార్లకి కాస్త తక్కువ పడాలి. మోచెయ్యి వంగిందా, కొలత మొత్తం తప్పుతుంది. ఇప్పుడు కాగితం మీద ఆ లెక్కన ఒక పెట్టె గీసుకుని దాని లోపల వీపు గీత, మెడ గీత వాలు మాత్రమే పెట్టండి, వాలు తెలీకపోతే పెన్సిల్‌ని గాల్లోనే ఆ వాలుకి ఆనించి అదే వాలుతో కాగితం మీదకి దించండి. మెడకీ మూపురానికీ మధ్య కనిపించే ఆకాశం ముక్క ఏ ఆకారంలో ఉందో అది కూడా గీయండి, నందిని గీయడం కన్నా అదే తేలిక, ఎందుకంటే ఆకాశం ముక్క ఎలా ఉంటుందో మనకి ముందే తెలుసన్న భ్రమ లేదు కదా. గంటలూ దండలూ ఆఖర్న. ఒక్కో బొమ్మకి ఇరవై నిమిషాలు, ఆ రోజుకి ఆరు వెయ్యండి, పాడైనవి చింపొద్దు.

రెండో రోజు నీడ. ముందు రోజు రాత్రే లాడ్జిలో లైటు కింద నిమ్మకాయ పెట్టి, వెలుగు, సగం నీడ, పూర్తి నీడ, ఈ మూడే వేసి చూడండి. పొద్దున్నే నంది దగ్గరికెళ్ళి కళ్ళు సగం మూసి చూస్తే చెక్కడాలన్నీ మాయమై వెలుగూ నీడా రెండు ముద్దలుగా కనిపిస్తాయి, ఆ ముద్దల్ని 6బి పక్కకి వాల్చి నింపెయ్యండి. మధ్యాహ్నం పన్నెండుకి నీడలు పొట్టివైపోతాయి, అప్పుడు భోజనం చేసి పడుకోండి. సాయంత్రం గుడి వెనక అసంపూర్తి కళ్యాణ మంటపానికి వెళ్ళండి, పైకప్పు లేని స్తంభాలు కాబట్టి, దూరం పోయేకొద్దీ చిన్నగా కనిపించేలా గీయడానికి, అంటే పర్‌స్పెక్టివ్‌కి అంతకన్నా మంచి పాఠం ఉండదు: మీ కంటి ఎత్తులో ఒక అడ్డగీత ఊహించుకుంటే దూరం పోయేకొద్దీ పైనున్న అంచులు దాని మీదకి దిగుతాయి, కిందున్నవి పైకెక్కుతాయి. గుళ్ళో చెప్పులుండవు, రాయి కాలుతుంది, సాక్సులు పట్టుకెళ్ళండి.

మూడో రోజు రంగు. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ కలిపితే అచ్చం గ్రానైట్ బూడిద రంగు వస్తుంది, సియెన్నా ఎక్కువైతే ఎండపడ్డ రాయి, నీలం ఎక్కువైతే నీడలో రాయి, నల్ల ట్యూబు అక్కర్లేదు. వాటర్‌కలర్‌లో లేత నుంచి ముదురుకి పోవాలి, తెలుపంటే వదిలేసిన కాగితమే, ఒకసారి కప్పేశాక వెనక్కి రాదు. అక్కడ గాలి పొడి కాబట్టి వాష్ (నీళ్ళగా పూసిన రంగు) మధ్యలోనే ఆరిపోయి చారలు పడతాయి, కాగితం రెండుసార్లు తడుపుకోండి. ఒక పూత పూర్తిగా ఆరకముందు దాని మీద చెయ్యి పెట్టకండి, నా షీట్లలో సగం ఆ తొందరకే బురదయ్యాయి.

చెయ్యి నొప్పి పుడితే గుడి లోపలికెళ్ళి అక్కడి మంటపం కప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మలు చూడండి. ఎర్రటి నేపథ్యం, నల్లటి గీత, పసుపు, తెలుపు, ఆకుపచ్చ, ఆ కాసిన్ని రంగుల్తోనే చీరల అంచులూ మగవాళ్ళ పొడుగు కుళ్ళాయిలూ ఎంత తేలిగ్గా తేల్చారో చూడండి. అక్కడ పెన్సిల్ మాత్రమే, రంగునీళ్ళ డబ్బా లోపలికి తేవద్దు దయచేసి.

వచ్చేటప్పుడు పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, హిందూపురం బస్సు దిగేసరికి రెండో రోజు 6బి నీడలన్నీ మొదటి రోజు నందులకి అంటుకుపోయాయి.