షేల్‌లో గ్యాస్ ఇంకా ఉందా, ఎప్పుడో పోయిందా? మడతలు, ఫాల్టులు చూసి తేల్చుకోవడం ఎలా

ఆర్గానిక్ కార్బన్ (పాత జీవుల అవశేషాల నుంచి వచ్చిన కార్బన్) బాగుంది, షేల్ (బురద గట్టిపడి పొరలుగా మారిన రాయి) భూమి లోపలి వేడికి సరిగ్గా ఉడికింది అని రిపోర్టులో కనబడగానే సంబరపడిపోకండి. ఆ రెండూ గ్యాస్ పుట్టిందని మాత్రమే చెప్తాయి. పుట్టింది మిగిలిందో లేదో తెలియాలంటే ఆ తర్వాత భూమి దాన్ని ఎంత నలిపిందో చూడాలి.

దీనికి చైనాలోని సిచువాన్ బేసిన్ (రాతి పొరలు పేరుకున్న పెద్ద పల్లం) తూర్పు అంచు మంచి ఉదాహరణ. లోంగ్‌మాషీ షేల్ అక్కడంతా ఒకటే, 40 కోట్ల ఏళ్లకు పైబడిన సైలూరియన్ కాలం నాటిది. ఫూలింగ్ దగ్గర జియావోషిబాలో 2012లో మొదటి బావి రోజుకి 2 లక్షల ఘనపు మీటర్ల పైన గ్యాస్ ఇచ్చింది. కాస్త ఆగ్నేయంగా, బేసిన్ దాటి పెంగ్‌షుయ్‌కి వెళ్తే అదే షేల్‌లో గ్యాస్ ఉంది కానీ ఆ ఊపు లేదు.

ముందు పీడనం చూడండి. జియావోషిబాలో పీడన గుణకం 1.55, అంటే అదే లోతులో నీటి స్తంభం ఇచ్చే పీడనానికి ఒకటిన్నర రెట్లు. పెంగ్‌షుయ్‌లో అది 1 దగ్గరే. నన్నడిగితే ఈ ఒక్క అంకె కార్బన్ శాతం కంటే ఎక్కువ చెప్తుంది, ఎందుకంటే కారిపోయే చోట అదనపు పీడనం కోట్ల ఏళ్లు నిలవదు.

తర్వాత సీస్మిక్ సెక్షన్ (ధ్వని తరంగాలతో తీసిన భూగర్భ పొరల అడ్డకోత చిత్రం) తీసి, ఆ షేల్ ఎక్కడ నేల మీదికి తేలిందో వెతకండి. చాలామంది నెత్తిన ఉన్న రాయి గట్టిదా కాదా అనే చూస్తారు, కానీ షేల్‌లో గ్యాస్ నిలువుగా కంటే పొరల వెంట చాలా తేలిగ్గా కదులుతుంది, పుస్తకం పేజీల మధ్య నుంచి గాలి పోయినట్టు. అందుకే వాలు ఎక్కువగా ఉండి, పొర అంచు దగ్గర్లోనే బయటపడితే నష్టం ఖాయం. జియావోషిబా మడత నడినెత్తి బల్లపరుపుగా ఉంటుంది, షేల్ 2 కిలోమీటర్ల పైన లోతులో ఉంది, పక్కల ఉన్న ఫాల్టులు (రాయి విరిగి జరిగిన చోట్లు) ఒత్తిడితో బిగుసుకున్న రివర్స్ రకం. పైగా మడతలు ఆగ్నేయం నుంచి వాయవ్యానికి ఒకదాని తర్వాత ఒకటి లేచాయి కాబట్టి, బేసిన్ లోపలి షేల్‌కి కారిపోయే సమయం కూడా తక్కువే దొరికింది.

కోర్ (బావి నుంచి తీసిన రాతి కడ్డీ) చేతికొస్తే పొర వెంట విడదీసి చూడండి. గీతలు పడి, అద్దంలా మెరిసే జారుడు తలాలు కొన్ని ఉంటే కంగారు అక్కర్లేదు, మంచి బావుల్లోనూ ఉంటాయి. పొరలను నిలువుగా కోస్తూ తెల్లటి కాల్సైట్ ఖనిజం నిండిన పగుళ్లు గుంపులుగా కనిపిస్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే, ఒకప్పుడు వాటిగుండా ద్రవాలు పారాయన్నమాట. గ్యాస్ పరీక్షలో మీథేన్ తగ్గి నైట్రోజన్ పెరిగినా, పైనుంచి గాలి కలిసిన నీళ్లు దిగాయేమోనని అనుమానించాలి.

ఇదంతా ఒత్తిడికి ముడుచుకున్న నేల లెక్క. మన కృష్ణా-గోదావరి బేసిన్ సాగి చీలిన నేల, అక్కడ నార్మల్ ఫాల్టులే (సాగినప్పుడు ఒక పక్క కిందికి జారినవి) ఎక్కువ, కాబట్టి ఒక్కో ఫాల్టునీ విడిగా చూడాలి: ఎంత కిందికి జారింది, ఎదురుగా ఏ రాయిని తెచ్చి పెట్టింది, తర్వాత మళ్లీ కదిలిందా అని. అక్కడి మండపేట ఇసుకరాతిలోని గ్యాస్‌కి మూలం కింద ఉన్న కొమ్ముగూడెం బొగ్గు, షేల్ పొరలే, అంటే కొంత ఎప్పుడో పైకి వెళ్లిపోయినట్టే.