మజిల్‌లోడర్‌లో గుండు బిగుసుకుంటోందా?

మజిల్‌లోడర్ అంటే గొట్టం మూతి నుంచే మందు, గుండు దట్టించే తుపాకీ. అలాంటి బ్లాక్ పౌడర్ (నల్ల తుపాకీమందు) రైఫిల్‌తో నాలుగైదు సార్లు కాల్చేసరికి బ్యారెల్‌లో మసి పేరుకుని, రామ్‌రాడ్‌తో ఎంత నెట్టినా గుండు దిగదు. ఇక్కడ అమెరికాలో రేంజికి వెళ్లే మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

గుండు సులువుగా దిగడానికి దాని చుట్టూ నూనె పట్టించిన గుడ్డముక్క పెడతారు. దానికోసం పరుపులకు వాడే చారల నూలు గుడ్డ తీసుకోండి. ముందు వేడినీళ్లలో ఉతికి గంజి వదిలించాలి. ఒక పాలు బాలిస్టాల్ (తుపాకులకు వాడే నూనె), ఆరు పాళ్లు నీళ్లు కలిపి, గుడ్డను తడిపి, బల్లమీద పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేస్తే నూనె కిందికి జారి ఒక అంచు జిడ్డుగా, ఒక అంచు పొడిగా తయారవుతుంది. బాగా ఆరాక ముక్కలు కత్తిరించుకోవాలి. లోపలి వ్యాసం 0.50 అంగుళాలున్న బ్యారెల్‌కు 0.490 అంగుళాల గుండు, 0.015 అంగుళాల మందం గుడ్డ సాధారణంగా సరిపోతాయి.

కాల్చాక తుపాకీకి ఎదురుగా పడిన గుడ్డముక్కను ఏరి చూడండి, అసలు సంగతి అదే చెబుతుంది. అంచులు పీచుపీచుగా ఉండి నడుమ చిల్లు లేకపోతే బాగున్నట్టే. కాలిపోయి చిల్లులు పడితే ఇంకాస్త మందం గుడ్డ చూడాలి.

పాలిస్టర్ కలిసిన గుడ్డ మాత్రం వద్దు, లోపలే కరిగి అంటుకుంటుంది. తడి ఆరని ముక్క పెట్టి తుపాకీని అలా ఉంచేసినా మందు చెమ్మగిల్లి పేలదు. ఇంకోటి, గుండు మందుకు ఆనుకునేదాకా దిగకపోతే కాల్చకండి, బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు కూడా. రామ్‌రాడ్ మీద ఒక గీత గీసుకుంటే దిగిందో లేదో ఇట్టే తెలుస్తుంది.